పిస్టల్ సైట్లు మార్చాలంటే: ఏ రకం తీసుకోవాలి, పని ఎవరికివ్వాలి

కొత్త సైట్లు (గురి చూసేందుకు పిస్టల్ మీద ముందూ వెనకా ఉండే భాగాలు) కొనేవాళ్ల చూపు ముందు రంగు మీదికే పోతుంది. ఆకుపచ్చ ఫైబరా, చీకట్లో వెలిగే ట్రిటియమా, లేక రెడ్ డాటా అని. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి వేరే ఉంది: ఇప్పుడున్న సైట్లు స్లైడ్‌కి (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే ఉక్కు భాగానికి) ఎలా బిగించి ఉన్నాయి? కింది నుంచి ఒక స్క్రూ పట్టుకుందా, వాలు గోడల గాడిలో దిగి ఉందా, అడ్డంగా పిన్ కొట్టారా, లేక సైటూ స్లైడూ ఒకే ఉక్కు దిమ్మలోంచి చెక్కినవా? పని ఇంట్లో అరగంటలో అవుతుందా, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గరికి పోవాలా అన్నది ఈ ఒక్క జవాబే తేలుస్తుంది. రంగు సంగతి ఆ తర్వాత.

ముందు బిగింపు

| బిగింపు తీరు | ఉదాహరణ | ఎవరు చేయొచ్చు |
|---|---|---|
| కింది నుంచి స్క్రూ (ముందు సైట్) | గ్లాక్ | సరైన పనిముట్టు ఉంటే ఎవరైనా |
| డవ్‌టెయిల్ (వాలు గోడల) గాడి, గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న స్క్రూ) లేదా లేకుండా | ఇప్పటి పిస్టళ్లలో చాలావాటి వెనక సైట్ | సైట్ పుషర్ (సైట్‌ని గాడిలో పక్కకి తోసే పనిముట్టు) ఉన్నవారు |
| అడ్డంగా రోల్ పిన్ | సీజెడ్ 75 బీ ముందు సైట్ | పిన్ పంచ్‌లతో చేయి తిరిగినవారు, లేదంటే గన్‌స్మిత్ |
| లోపలి నుంచి కొట్టి పరిచిన కాడ | పాతకాలపు 1911 ముందు సైట్ | గన్‌స్మిత్ |
| స్లైడ్‌తో కలిపి చెక్కినది | బెరెట్టా 92ఎఫ్‌ఎస్, వాల్తర్ పీపీకే ముందు సైట్ | మిల్లింగ్ మెషిన్ ఉన్న గన్‌స్మిత్ మాత్రమే |

పట్టికలో మొదటి రెండు వరుసల్లో మీ పిస్టల్ ఉంటే, లేదా మూడో వరుసలో ఉండి పిన్ పంచ్‌లతో మీ చేయి తిరిగి ఉంటే, చదువుతూ పోండి. చివరి రెండు వరుసల్లో ఉంటే ఇంట్లో చేసుకోవడం గురించి ఆలోచన మానేసి, ఎత్తు లెక్క, సైట్ రకాలు, చివర్లో గన్‌స్మిత్‌కి ఏం చెప్పాలన్నదీ చదివితే చాలు.

డవ్‌టెయిల్ అంటే అన్నీ ఒకే కొలత అనుకోవద్దు. గోడల వాలు 60 డిగ్రీలవీ ఉన్నాయి, 65 డిగ్రీలవీ ఉన్నాయి. వెడల్పు, లోతు కూడా తయారీదారుని బట్టి మారతాయి. 1911 రకంలో ఇది మరీ గందరగోళం. నోవాక్ కట్, బోమార్ కట్, మిలిటరీ పాత కట్ అని వెనక సైట్ గాడులే రకరకాలు. "1911కి సరిపోతుంది" అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన కొనకూడదు. గాడి పేరు తెలియాలి.

ఎత్తు లెక్క

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సైట్ చక్కగా బిగుస్తుంది, చూడటానికి బాగుంటుంది, కానీ గుండు నాలుగు వేళ్లు కిందో పైనో తగులుతుంది. ముందు వెనక సైట్ల ఎత్తుల మధ్య తేడా మారిపోవడమే దీనికి కారణం. లెక్క సులువు:

ఎత్తులో మార్పు = (సైట్ల మధ్య దూరం × గురి తప్పిన దూరం) ÷ టార్గెట్ దూరం

అన్నీ మిల్లీమీటర్లలో పెట్టుకోవాలి. గ్లాక్ 17లో సైట్ల మధ్య దూరం దాదాపు 165 మి.మీ. 15 మీటర్ల దగ్గర గుండ్లు 70 మి.మీ. కిందికి పడుతున్నాయనుకుందాం. 165 × 70 ÷ 15000 = 0.77 మి.మీ. అంటే వెనక సైట్ సుమారు 0.8 మి.మీ. పెరగాలి, లేదా ముందు సైట్ అంతే తగ్గాలి. గ్లాక్ వెనక సైట్లు 6.1, 6.5, 6.9, 7.3 మి.మీ. ఎత్తుల్లో వస్తాయి. 6.5 ఉన్నవారు 7.3కి పోతే సరిగ్గా ఆ 0.8 దొరుకుతుంది.

దిశ గుర్తు పెట్టుకోవడానికి ఒకటే సూత్రం: వెనక సైట్‌ని గుండు ఎటు వెళ్లాలో అటే జరపాలి, ముందు సైట్‌ని దానికి ఎదురుగా. గుండు పైకి పోతుంటే ముందు సైట్ ఎత్తు పెంచాలి. ఎడమకు పోతుంటే వెనక సైట్ కుడికి జరపాలి.

ఇంకొక మెలిక ఉంది. కొన్ని సైట్లు పోస్టు (ముందు సైట్ నిలువు పలక) పై అంచు మీద గుండు పడేలా చేసినవి, కొన్ని ముందు చుక్క నడిమధ్యన పడేలా చేసినవి. మొదటిదానికి అలవాటు పడ్డవారు రెండోది కొంటే, సైట్‌లో ఏ లోపమూ లేకపోయినా గుండు కిందికి పడుతున్నట్టు అనిపిస్తుంది. కొనేముందు తయారీదారు ఏ పద్ధతికి చేశాడో చూసుకోవాలి. ముందు వెనక సైట్లను వేర్వేరు కంపెనీలవి కలపడం ఈ కారణంగానే నాకు నచ్చదు. జతగా వచ్చినవే తీసుకోండి.

ఏ సైట్ ఎవరికి

*నల్ల సైట్లు, తెల్ల చుక్కలు లేకుండా.* కాగితం టార్గెట్ మీద నిదానంగా కాల్చేవారికి వీటిని మించినవి లేవు. కన్ను చుక్కల కోసం వెతుక్కోదు, పోస్టు పై అంచునీ రెండు పక్కల వెలుతురునీ మాత్రమే చూస్తుంది. నీడలో, ముదురు రంగు టార్గెట్ మీద మాత్రం పోస్టు కనిపించకుండా పోతుంది.

*మూడు తెల్ల చుక్కలు.* ఎక్కువ పిస్టళ్లు ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వస్తాయి. ప్లాస్టిక్‌వి ఉంటే ఉక్కువాటికి మారడానికి అదొక్కటే చాలినంత కారణం. హోల్‌స్టర్‌లో రాపిడికి, కింద పడ్డప్పుడు దెబ్బకి ప్లాస్టిక్ అంచులు అరిగిపోతాయి.

*ఫైబర్ ఆప్టిక్ ముందు సైట్.* పగటి వెలుతురులో కంటికి వెంటనే దొరికేది ఇదే. పోటీ షూటర్లలో వెనక నల్లది, ముందు ఫైబర్ అనే జత ఎక్కువగా కనిపిస్తుంది. చీకటిపడితే మామూలు నల్ల పోస్టే. ఫైబర్ కడ్డీ 1 మి.మీ. లేదా 1.5 మి.మీ. మందంలో ఉంటుంది. విరగడం మామూలే కాబట్టి రెండు మూడు అంగుళాల కడ్డీ దగ్గర పెట్టుకోవాలి. కడ్డీని కొద్దిగా పొడవుగా కోసి, లైటర్ మంటను దూరం నుంచి చూపిస్తే చివర పుట్టగొడుగులా ఉబ్బి పట్టుకుంటుంది. మంట తగిలిస్తే కాలి నల్లబడుతుంది. గన్ శుభ్రం చేసే ద్రావకాలు కొన్ని ఫైబర్‌ని పెళుసు చేస్తాయి, అక్కడ పొడిగుడ్డతో తుడవడమే మంచిది.

*ట్రిటియం.* ఆత్మరక్షణకో డ్యూటీకో పిస్టల్ పెట్టుకునేవారికి ఇది. చిన్న గాజు గొట్టంలో ఉండే ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు, గొట్టం లోపలి ఫాస్ఫర్ పూతను బ్యాటరీ లేకుండానే వెలిగిస్తుంది. దాని అర్ధజీవితకాలం 12.3 ఏళ్లు, అంటే సుమారు పన్నెండేళ్లకి వెలుగు సగమవుతుంది. పాత పిస్టల్ కొంటే సైట్ మీద తయారీ సంవత్సరం చూడటం మరచిపోవద్దు. చాలామంది మరచిపోయేది ఇంకొకటి: సైట్ కనిపిస్తుందంటే టార్గెట్ కనిపిస్తుందని కాదు. పూర్తి చీకట్లో ఎవరి మీద గురి పెట్టామో తెలియాలంటే టార్చ్ కావాలి. ట్రిటియం ముందు సైట్ చుట్టూ రంగు వలయం ఉన్నవి పగలు కూడా బాగా కనిపిస్తాయి. వెనక చుక్కలు ముందు చుక్క కంటే మసకగా ఉన్న జత తీసుకుంటే కన్ను తికమకపడదు.

*అడ్జస్టబుల్ వెనక సైట్.* రకరకాల బరువుల తూటాలు వాడేవారికి, టార్గెట్ షూటర్లకి. పిస్టళ్లలో బరువైన గుండు సాధారణంగా కొంచెం పైన తగులుతుంది, ఆ తేడాను ఇక్కడ రెండు మూడు క్లిక్కులతో సరిచేయవచ్చు. జేబులో, నడుముకి పెట్టుకునే పిస్టల్‌కి ఇది సరికాదు. పదునైన మూలలు బట్టలకు తట్టుకుంటాయి, బరువైన రీకాయిల్‌కి (కాల్చినప్పటి వెనుదెబ్బకి) చిన్న స్ప్రింగులు, పిన్నులు వదులవుతాయి. చాలా వాటికి స్లైడ్‌లో అదనంగా చెక్కాలి కూడా.

*రెడ్ డాట్.* చిన్న అద్దంలో వెలుగు చుక్క చూపించే సైట్ ఇది. ముందు సైట్ మసకబారుతున్న వయసువారికి నిజంగా పనికొచ్చేది ఇదే. చూపు టార్గెట్ మీదే ఉంచవచ్చు. 3 ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, చుక్క పరిమాణాన్ని చెప్పే కోణం కొలత) చుక్క 25 మీటర్ల దగ్గర దాదాపు 22 మి.మీ. కప్పుతుంది, 6 ఎంఓఏ చుక్క 44 మి.మీ. కచ్చితత్వానికి చిన్నది, త్వరగా దొరకడానికి పెద్దది. దీని బేరీజు వేరేలా ఉంటుంది. స్లైడ్ ఆప్టిక్ రెడీగా, అంటే డాట్ బిగించే చోటు ముందే చెక్కి వచ్చిందా? వస్తే ప్లేట్, నాలుగు స్క్రూలు, అంతే. రాకపోతే స్లైడ్‌ని మిల్లింగ్ చేయాలి, చెక్కినచోట మళ్లీ పూత వేయించాలి. లేకపోతే తుప్పు పడుతుంది. మిల్లింగ్ చేయిస్తే డాట్ కిందికి దిగి గట్టిగా కూర్చుంటుంది కానీ, ఒక ఫుట్‌ప్రింట్‌కే (డాట్ అడుగు ఆకారానికే) కట్టుబడిపోతారు. ట్రిజికాన్ ఆర్ఎంఆర్ కోసం చెక్కించి, తర్వాత షీల్డ్ ఆర్ఎంఎస్‌సీ పెడదామంటే కుదరదు. డాట్ పోయినా గురి పెట్టగలగాలంటే ఎత్తైన ఇనుప సైట్లు కూడా కావాలి.

పోటీలకి వెళ్లేవారు కొనేముందు రూల్ బుక్ చూసుకోవాలి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య) పిస్టల్ పోటీల్లో ఓపెన్ సైట్లకే అనుమతి. ఐపీఎస్‌సీ (ప్రాక్టికల్ షూటింగ్ పోటీల సమాఖ్య) ప్రొడక్షన్ డివిజన్‌లో రెడ్ డాట్ కుదరదు, దానికి వేరే డివిజన్ ఉంది.

వెడల్పు గురించి ఒక్కమాట. ముందు పోస్టు 3.2 మి.మీ. అంటే 0.125 అంగుళం మామూలు కొలత. సన్నని 0.100 అంగుళం పోస్టు దూరపు టార్గెట్‌కి బాగుంటుంది. వేగంగా కాల్చేవారికి వెనక సైట్‌లోని నాచ్ (గాటు) కొంచెం వెడల్పుగా ఉండి, పోస్టుకి రెండు పక్కలా వెలుతురు స్పష్టంగా కనిపిస్తే మేలు.

ఇంట్లో పని: ఏం కావాలి, ఎలా

మొదటి పని సైట్‌తో మొదలు కాదు. మ్యాగజైన్ తీయాలి, స్లైడ్ వెనక్కి లాగి చాంబర్ కంటితో చూసి వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టాలి. స్లైడ్‌ని ఫ్రేమ్ (చేతిపట్టు ఉన్న కింది భాగం) నుంచి విడదీసి, బ్యారెల్, రీకాయిల్ స్ప్రింగ్ తీసేయాలి. బల్ల మీద ఉండాల్సింది ఒట్టి స్లైడ్ మాత్రమే.

కావలసినవి: మెత్తని పళ్లున్న వైస్, మీ పిస్టల్‌కి సరిపోయే సైట్ పుషర్, నైలాన్ లేదా ఇత్తడి పంచ్, వెర్నియర్ కాలిపర్, ఒక అంచు నున్నగా ఉన్న మూడు పలకల చిన్న ఆకురాయి, సరైన సైజు అలెన్ కీలు, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు), ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గ్లాక్ ముందు సైట్‌కి 3/16 అంగుళం సన్నని గోడల నట్ డ్రైవర్ విడిగా కావాలి. మామూలు సాకెట్ అక్కడ దూరదు.

గ్రబ్ స్క్రూ ఉంటే ముందు దాన్ని వదులు చేయాలి. ఇది చెప్పనక్కర్లేదనిపిస్తుంది కానీ, స్క్రూ బిగిసి ఉండగానే పుషర్ తిప్పి గాడిని గీరేసినవారు తక్కువేం కాదు. ఫ్యాక్టరీలో లాకర్ వేసి ఉంటే స్క్రూ కదలదు. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ మీద ఒక నిమిషం ఉంచితే లాకర్ మెత్తబడుతుంది. ట్రిటియం, ఫైబర్ సైట్లకి మాత్రం ఈ వేడి చూపించకూడదు.

పాత సైట్ ఎక్కడుందో మార్కర్‌తో స్లైడ్ మీద గీత పెట్టి, ఫోటో తీసుకోండి. స్లైడ్‌ని వెనక నుంచి చూసినప్పుడు సైట్‌ని ఎడమ నుంచి కుడికి తోసి తీయడం, కొత్తదాన్ని కుడి నుంచి ఎడమకు ఎక్కించడం ఎక్కువ పిస్టళ్లలో పద్ధతి. తయారీదారు వేరేలా చెబితే అదే వినాలి.

స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ ఉన్నవారు ఇక్కడ ఆగాలి. వెనక సైట్ కింద స్ట్రైకర్ బ్లాక్ (తూటాని పేల్చే స్ట్రైకర్‌ని ఆపి ఉంచే సేఫ్టీ భాగం) స్ప్రింగు, దాని మీద చిన్న మూత ఉంటాయి. సైట్ జారగానే అవి ఎగిరిపోతాయి. వేలితో నొక్కి పట్టుకుని, స్లైడ్‌ని ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి తీయడం తెలివైన పని.

కొత్త సైట్‌ని ముందు చేత్తోనే గాడిలోకి తోయండి. మూడోవంతు వరకు చేత్తో పోయి అక్కడ ఆగితే సరైన బిగుతు. అసలే దూరకపోతే సైట్ అడుగు భాగాన్ని ఆకురాయితో రెండు మూడు సార్లు సమంగా గీసి మళ్లీ ప్రయత్నించాలి. అడుగున మార్కర్ పూసి ఎక్కించి చూస్తే ఎక్కడ రాసుకుంటోందో కనిపిస్తుంది. గీసేది ఎప్పుడూ సైట్‌నే, స్లైడ్‌ని కాదు. సైట్ పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు, స్లైడ్ గాడి పెద్దదైతే దానికి సరిపోయే సైట్ దొరకదు.

పుషర్ దిమ్మె సైట్‌కి కింద, గాడికి దగ్గరగా ఆనాలి. పైన ఆనితే సైట్ ఒరిగి, గాడి అంచు లేస్తుంది. పక్కలు వాలుగా ఉన్న సైట్లకి వాలు పళ్ల అడాప్టర్ వాడాలి. సుత్తీ పంచ్ వాడితే చిన్న చిన్న దెబ్బలు ఎక్కువ వేయాలి, పెద్ద దెబ్బ ఒకటి వేయకూడదు. ట్రిటియం సైట్‌కి అసలు సుత్తి వద్దు, గాజు గొట్టం పగిలితే వెలుగు పోతుంది.

స్క్రూకి లాకర్ వేసేముందు స్క్రూనీ రంధ్రాన్నీ ఆల్కహాల్‌తో తుడవాలి. నూనె మీద లాకర్ పట్టదు. ఒక చుక్క నీలం రంగుది చాలు, పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది. ఎరుపు రంగుది వాడితే తీయడానికి 250 డిగ్రీల వేడి కావాలి. గ్లాక్ ముందు సైట్ స్క్రూని రెండు వేళ్ల బలంతోనే బిగించాలి. చిన్న స్క్రూ, సులువుగా తల తెగుతుంది.

రెడ్ డాట్ స్క్రూలకి చేతి అంచనా సరిపోదు. టార్క్ డ్రైవర్‌తో డాట్ తయారీదారు చెప్పిన బిగింపే ఇవ్వాలి. సాధారణంగా అది 12 నుంచి 15 అంగుళ-పౌండ్లు, అంటే 1.4 నుంచి 1.7 న్యూటన్ మీటర్లు. గ్లాక్‌లో కుడివైపు స్క్రూ పొడవెక్కువైతే కింద ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని లాగే కొక్కెం) ప్లంజర్‌ని నొక్కేస్తుంది, ఖాళీ కేసులు సరిగా బయటికి రావు. డాట్ పెట్టాక ఇలా మొదలైతే ముందు అనుమానించాల్సింది ఆ స్క్రూనే.

ఎక్కడ ఆపి గన్‌స్మిత్‌కి ఇవ్వాలి

పుషర్‌ని గట్టిగా తిప్పినా సైట్ కదలకపోతే ఆపేయండి. లాకర్ వేసి కొట్టి ఉండవచ్చు, గాడి తుప్పు పట్టి ఉండవచ్చు, కొన్నిసార్లు పైపూత గాడిలోకి కూడా వేసి ఉంటారు. బలం పెంచితే పుషర్ ఫ్రేమ్ వంగుతుంది, లేదా గాడి చిరుగుతుంది.

కొత్త సైట్ చేత్తోనే గాడి ఈ చివర నుంచి ఆ చివరకి పోతే అదీ గన్‌స్మిత్ పనే. పలుచని షిమ్ (రేకు ముక్క) పెట్టో, గాడి అడుగున పంచ్‌తో చుక్కలు కొట్టి పైకి లేపో బిగించవచ్చని చెబుతారు. తాత్కాలికంగా పనిచేస్తుంది, కానీ రీకాయిల్‌కి మళ్లీ వదులవుతుంది. కొంచెం పెద్ద అడుగున్న సైట్ తెచ్చి సరిచేయించడమే సరైన దారి.

పాత 1911 ముందు సైట్ కాడని లోపలి నుంచి పరచడానికి ప్రత్యేక పనిముట్టు కావాలి. పరిచిన లోహాన్ని స్లైడ్ లోపలి గోడతో సమంగా గీయకపోతే బ్యారెల్ బుషింగ్‌కి తగులుతుంది. ఇక బెరెట్టా 92ఎఫ్‌ఎస్ లాంటివాటికి ముందు సైట్‌ని కోసేసి కొత్త డవ్‌టెయిల్ చెక్కాలి, దానికి యంత్రం తప్ప మార్గం లేదు.

ఒక్క పిస్టల్‌కి ఒక్కసారి మార్చేవారికి ఇంకో లెక్క: మంచి పుషర్ కొనే ఖర్చుకంటే గన్‌స్మిత్ కూలి తక్కువే కావచ్చు. ఇంట్లో రెండు మూడు పిస్టళ్లుండి, సైట్లు తరచూ మార్చి చూసేవారికి పుషర్ కొనుక్కోవడమే లాభం.

చట్టం కూడా తెలుసుకుని దిగాలి. అమెరికాలో సమాఖ్య చట్టం దృష్టిలో ఆయుధమంటే ఫ్రేమే, స్లైడ్ ఒక్కదాన్ని పార్సిల్‌లో పంపవచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో స్లైడ్ కూడా ప్రధాన భాగమే, అలా పంపడం కుదరదు. మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్న పనివారే చేయాలనే చోట్లూ ఉన్నాయి.

రేంజ్‌లో సరిచూడటం

పిస్టల్ తిరిగి కూర్చాక, తూటాలు లేకుండానే స్లైడ్, ట్రిగ్గర్, సేఫ్టీ పనిచేస్తున్నాయో చూడాలి. ఎం అండ్ పీ అయితే స్ట్రైకర్ బ్లాక్ కదులుతోందా అన్నది తప్పనిసరి.

ఇసుక సంచి మీద చేతులు ఆనించి, రోజూ వాడే తూటాతోనే, 10 నుంచి 15 మీటర్ల దగ్గర ఐదేసి గుండ్ల గ్రూపులు మూడు కాల్చండి. ఒక్క గ్రూపు చూసి సైట్ జరపొద్దు. కుడిచేతివాటం వారికి గుండ్లు కింద ఎడమకు పడుతుంటే, సైట్‌కంటే ముందు ట్రిగ్గర్ లాగే వేలిని అనుమానించాలి. ఇంకొక మంచి షూటర్ చేత కాల్పిస్తే సంగతి తేలిపోతుంది. నిజంగా సైట్ తప్పే అయితే, గ్లాక్ 17లో వెనక సైట్ పావు మిల్లీమీటర్ జరిగితే 25 మీటర్ల దగ్గర గుండు దాదాపు 38 మి.మీ. జరుగుతుంది. అందుకే ముందు గీసుకున్న గీత, కాలిపర్ పనికొస్తాయి.

గురి కుదిరాక సైట్, స్లైడ్ కలిసే చోట రంగు పెన్నుతో సన్నని గీత గీయండి. 50 గుండ్ల తర్వాత, 200 గుండ్ల తర్వాత ఆ గీత విరిగిందేమో చూస్తే సైట్ జరుగుతోందో లేదో తెలుస్తుంది.

గన్‌స్మిత్‌కి ఇచ్చేటప్పుడు

పిస్టల్ మోడల్, తరం, వాడే తూటా గుండు బరువు, ఎంత దూరంలో గురి కుదరాలి, పోస్టు పై అంచు మీదా చుక్క మీదా గురి పెడతారు, ఇవి కాగితం మీద రాసివ్వండి. పాత సైట్లు తిరిగివ్వమనండి. గ్రబ్ స్క్రూకి ఏ లాకర్ వేశారో అడిగి తెలుసుకోండి. మిల్లింగ్ అయితే చెక్కినచోట ఏ పూత వేస్తారో, అది గాడి లోపల కూడా పడుతుందో ముందే అడగాలి, ఎందుకంటే లోపల పూత పడితే తర్వాతి సైట్ దూరదు. తీసుకునేటప్పుడు స్లైడ్‌ని వెనక నుంచి వెలుతురుకి ఎత్తి, ముందు పోస్టు నిటారుగా ఉందో, వెనక సైట్ మధ్యలో ఉందో అక్కడే చూసుకోండి. వెనక సైట్ బాగా పక్కకి జరిగి ఉంటే కారణం అడగండి. తరచుగా ముందు సైట్ వంకరగా కూర్చోవడమే ఆ కారణం అవుతుంది.